ఎండని రోగన్

కొత్త పలక ఇంటికి వచ్చిన రోజు జగన్నాథ్ కన్నా ఇంద్రమ్మే ఎక్కువ సంబరపడింది. నారాయణఖేడ్ కచేరీ తోవలో జగన్నాథ్‌ది గడియారాల మరమ్మతు కొట్టు. కొట్టంటే ఇంటి ముందరి అర్ర, అందులో ఒక బల్ల, అంతే. యుద్ధం అయిపోయిన మరుసటేడు పటాలం సామాన్ల పెట్టెలు విప్పి అమ్ముతుంటే, వడ్రంగం చేసే వడ్ల సంగమేశ్వర్ సికింద్రాబాదు నుంచి ఆ పలక మోసుకొచ్చి బల్ల మీద బిగించాడు. కర్ర పీచును నానబెట్టి నొక్కి చేసిందట. చెక్కా కాదు, అట్టా కాదు. రంగు మాత్రం జొన్నరొట్టె తెలుపు.

ఆ రంగే కావాలి వాళ్లకు. పాత టేకు బల్ల నల్లబడింది. నువ్వుగింజంత మరమేకు దాని మీద పడితే జగన్నాథ్‌కు ఎంత తడిమినా దొరకడం లేదు. రెండేళ్లుగా కళ్లకు పొర కమ్ముతోంది మరి. ఈ సంగతి ఊళ్లో పొక్కితే ఆయన చేతికి గడియారం ఎవరిస్తారు? అందుకే మొగుడూ పెళ్లాం గుట్టుగా నెట్టుకొస్తున్నారు. గడపలో మనిషి నీడ పడగానే ఇంద్రమ్మ "వకీల్ సాబ్ వచ్చిండు" అనో, "పట్వారీ వచ్చిండు" అనో వినబడేట్టు అనేది. జగన్నాథ్ ఆ వైపు తిరిగి పేరు పెట్టి పలకరించేవాడు.

అయితే ఉత్త పలక మీద పని సాగదు. పీచు లేచి గడియారంలో దూరుతుంది. పైన గట్టిగా ఏదన్నా పూయాలి, పూసినా కింది తెలుపు తెల్లగానే కనబడాలి.

"లక్క పూస్తే ఎర్రగైతది," జగన్నాథ్‌తో అన్నాడు సంగమేశ్వర్. "మీదికెళ్లి నువ్వు స్పిరిట్‌తోని కడుగుతవాయె. రెండు చుక్కలు పడితే లక్క కరిగిపోతది."

"మరి మైనం?" అంది ఇంద్రమ్మ.

"ఎండకాలం మనమే కరిగిపోతున్నం, మైనమెంత? రోగన్ పూయున్రి. మూడు పూతలు పూసి ఎండనిస్తే గాజు తీరు అయితది. పరమేశ్వరప్ప దుకాణంల దొరుకుతది."

వడ్లవాడి నోట రోగన్ అంటే అగిసె నూనె కాచి గుగ్గిలం కలిపిన వార్నీషు. సంగమేశ్వర్ ఆ మాట విడమరిచి చెప్పలేదు. ఇంద్రమ్మ అడగలేదు.

పరమేశ్వరప్ప దుకాణంలో మేకులూ దొరుకుతాయి, మందులూ దొరుకుతాయి. "రోగన్ ఒక సీస ఇయ్యప్పా," అంది ఇంద్రమ్మ.

"ఎందుకక్కా?"

బల్లకు అంటే, ఉన్న బల్లకేమైందంటాడు. తెల్ల పలక ఎందుకంటాడు. అక్కడి నుంచి కళ్ల దాకా పోవడానికి ఎంతసేపు? "ఇంట్లకే," అంది.

పరమేశ్వరప్ప ఆమె మొహం చూసి అర్థమైనట్టు తలూపాడు. లోపలికెళ్లి సీసా తెచ్చి, గుడ్డ చుట్టి, రెండు చేతులా ఇచ్చాడు. "మంచిగ పని చేస్తదక్కా. రంది పడకు," అన్నాడు. గులాబీ వాసన గుప్పుమంది. వార్నీషుకు గులాబీ వాసనేంది అని అప్పుడన్నా అడగాలా వద్దా? అడగలేదు మహాతల్లి. గుట్టు దాచానన్న ఉషారులో ఇంటికొచ్చింది.

మూడు పూతలూ ఆమే పూసింది. మూడు రోజులైనా ఎండలేదు. తొమ్మిదో రోజుకు కూడా వేలు పెడితే జిగటగా అంటుతోంది. "ముసురుకు ఎండుతలేదేమో," అంటాడు జగన్నాథ్ పొద్దున్నే చెయ్యి ఆనించి. మబ్బు తునక లేదు ఆకాశంలో. పదో రోజు ఆయన స్నానానికి లేచాక ఇంద్రమ్మ సంగమేశ్వర్‌ను పిలుచుకొచ్చింది. అతను వేలు రాసి వాసన చూసి తల పట్టుకున్నాడు.

"గిది హకీముల రోగన్ ఇంద్రక్కా. ఆముదంల గులాబి ఏసిన మందు. ఆముదం ఏనాడన్న ఎండుతదా? పలకంత నూనె గుంజుకున్నది. ఇగ దీని మీద ఏది పూసినా పట్టదు. గసొంటి పలక మల్ల దొరకది కూడ."

ఇంద్రమ్మకు ఒళ్లు మండింది. కొంగు దోపుకుని సరాసరి దుకాణానికి పోయింది. "నేను అడిగిందేంది, నువ్విచ్చిందేందప్పా? బల్లకు పూస్తే ఎండుతనే లేదు," అంది.

పరమేశ్వరప్ప తెల్లబోయాడు. "బల్లకా? నేను జగన్నాథ్ కండ్లకనుకున్న. పొద్దుమాపు రెండు చుక్కలు ఏస్తరనుకున్న."

"ఆయన కండ్లకేమైంది?"

"అక్కా," అని గొంతు తగ్గించాడు. "ఊరంత ఎరుకే. ఆయన మనసు నొయ్యొద్దని గడియారాలిస్తున్నరు. ఇంటికి తెచ్చుకొని బీదర్ పంపి మల్ల చేయించుకుంటున్నరు. నాది కూడ రెండుసార్లు పంపిన."

తిట్టడానికి వచ్చిన మనిషి మేకుల డబ్బా పక్కన కూలబడింది. ఇన్నాళ్లూ ఎవరి కళ్లు కప్పినట్టు? ఏడుపొచ్చింది. దుకాణంలో ఏడవలేక లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి జగన్నాథ్ బల్ల ముందున్నాడు. నవ్వుతున్నాడు. వకీలు గడియారం అద్దంతో సహా బిగించి చేతిలో పట్టుకున్నాడు.

"ఇంద్రమ్మా, నీ రోగన్ ఎండకుంటేనే మంచిగుందే. మర ఎక్కడ పడితే అక్కడనే అంటుకుంటుంది, కింద పడి పోతలేదు. ఒక్కటి కూడ ఎతకలే. సంగమేశ్వర్‌కు చెప్పు, ఇంకేం పూయొద్దని." గడియారం చెవి దగ్గర పెట్టుకున్నాడు. "నడుస్తుంది. ఎన్ని దినాలకు ఇంత సాఫుగ నడిచిందో."

ఇంద్రమ్మ దగ్గరికి వచ్చి చూసింది. గడియారం నిజంగానే నడుస్తోంది. పెద్ద ముల్లు తిరుగుతోంది. గంటలు చూపే చిన్న ముల్లు మాత్రం ఆయన మోచేతి పక్కన నూనెలో అంటుకుని ఉంది. చెప్పబోయి ఆయన మొహం చూసింది. ఎట్లాగూ బీదర్‌లో విప్పుతారు. బల్ల తుడుస్తున్నట్టు కొంగుతో ముల్లు తీసి ముడి వేసుకుంది.

"వకీల్ సాబ్ వచ్చే యాళ్లైంది," అన్నాడు జగన్నాథ్, గడియారం ఆమె వైపు చాపుతూ. "ఎంతైందో చూసి చెప్పు."

ఇంద్రమ్మ వాకిట్లో గోడ నీడ ఎక్కడి దాకా వచ్చిందో చూసింది.

"పదిన్నర," అంది.