గుమ్మం పట్టని రోలు

నేను ఒక రుబ్బురోలుని. మద్దెల వెళ్ళి రోలుతో మొరపెట్టుకున్నట్టు అని జనం నవ్వుకుంటారు గానీ, ఈ ఇంట్లో నా దగ్గర మొరపెట్టుకోనిదెవరు? ఆ శనివారం పొద్దున్నే మొగుడూ పెళ్ళాలకు గోంగూర పచ్చడి దగ్గర పేచీ వచ్చింది.

"ఇది మిక్సీలో వేశావు," అన్నాడు సన్యాసిరావు, నాలిక్కి రాసుకుని.

"రోట్లోదేనండీ."

"మా అమ్మ రుబ్బితే ఇలా ఉండేది కాదు."

"అయితే ఆవిడ్నే రమ్మనండి," అంది వరహాలు. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది.

నన్ను కొండరాతిలోంచి చెక్కినవాడు గట్టివాడే. సంతలో నన్ను బేరమాడిన ఆ అత్తగారు అతనికంటే గట్టిది. పెళ్ళిళ్ళకు పప్పు రుబ్బేంత రోలు కావాలని నన్నే ఏరి, బొబ్బిలిలో ఈ ఇల్లు కట్టేటప్పుడు వంటింటి నట్టనడుమ సిమెంటులో పాతించింది. గుమ్మం తరవాత పెట్టారు. అది నాకంటే జానెడు ఇరుకని గృహప్రవేశం అయ్యాక గానీ ఎవరికీ తోచలేదు. మనుషులు ముహూర్తం చూసినంత శ్రద్ధగా కొలత చూడరు.

సన్యాసిరావు పనిచేసే చక్కెర మిల్లు మూతపడింది. ఈ వయసులో సంగారెడ్డి దగ్గర ఇంకో మిల్లులో ఉద్యోగం దొరికింది. సోమవారం బయల్దేరాలి. ఇల్లు అమ్ముడైతే ఇద్దరూ వెళ్తారు. లేకపోతే ఆయన అక్కడ మెస్సులో, ఈవిడ ఇక్కడ ఇంటికి కాపలా. అది వరహాలుకు సుతరామూ ఇష్టం లేదు. ఆయన్ని కేకలెయ్యడానికి ఫోను చాలదు మరి.

అప్పటికే ఇద్దరు చూసి వెళ్ళారు. ఒకాయన నన్ను చూసి "మరి ఫ్రిజ్ ఎక్కడ పెట్టుకోవాలండీ?" అన్నాడు. ఇంకొకావిడ కాలివేలు నాకే కొట్టుకుంది. మళ్ళీ ఎవరూ రాలేదు.

మూడో మనిషి, రిటైరైన టీచరు పైడితల్లమ్మగారు, ఆ మధ్యాహ్నం సరిగ్గా భోజనాల వేళకు వచ్చింది. ఆ వేళకు వచ్చినవాళ్ళకు విస్తరి వెయ్యకపోవడం ఈ ఇంటి ఆచారంలో లేదు. వేడన్నంలో ఆ పచ్చడి కలుపుకుని రెండు ముద్దలు తిన్నాక ఆవిడ పడగ్గది చూడడమే మరిచిపోయింది.

"ఇల్లు తీసుకుంటానమ్మా. రోలు ఉంటుంది కదా?"

"అది ఉండక ఎక్కడికెళ్తుందండీ!" అన్నాడు సన్యాసిరావు. "పొత్రం మాత్రం మాతో వస్తుంది. మా అమ్మ చెయ్యి పట్టిన రాయి." పొద్దున్న పచ్చడి అవగానే ఆ రాతిని గోనెపట్టాలో చుట్టి మూట కట్టేశాడు కూడా.

పైడితల్లమ్మగారు చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేసింది. "పొత్రం లేని రోలేటి బాబూ, వాననీళ్ళు పట్టుకోడానికా? అయితే నాకు ఇల్లొద్దు."

"వద్దంటే మీ ఇష్టం," అన్నాడు సన్యాసిరావు. నా గుండె రాయే. అయినా ఒక్కసారి జారింది.

వరహాలు పెరుగుగిన్నె కింద పెట్టింది.

"రోలు బొబ్బిల్లో, పొత్రం సంగారెడ్డిలోనా? మనిద్దరం అలా ఉండకూడదనే కదండీ ఇల్లమ్ముతున్నాం!"

సన్యాసిరావు మూట వైపు ఓసారి చూసి విస్తరి మడిచాడు.

"పైడితల్లమ్మగారూ, పెరుగు వేసుకోండి. రోలూ పొత్రమూ మీవే, ఇల్లూ మీదే. ఏమండీ, చెయ్యి కడుక్కుని ఆ మూట విప్పండి. సోమవారం ఇద్దరం బండెక్కుతున్నాం."