తాండ్ర పెట్టిన చోటు

"ఈసారైనా పల్చగా పరుచు. మీ అమ్మమ్మలా మందంగా వేశావంటే ఉన్న నాలుగు పళ్ళూ ఊడతాయి నాకు" అంది అత్తగారు, నీడలో కూర్చుని.

ఉడికించిన మొగలిపండు తొనలు గీరి గుజ్జు తీస్తోంది కోడలు తెరెతియా. పీచు కోసుకుని వేళ్ళ సందులు మండుతున్నాయి. అమ్మమ్మ బ్వేబ్వే వేళ్ళూ ఇలాగే ఉండేవి. ఉత్తర తరావా దీవుల్లో వానల్లేని ఏడాది పిల్లల ఆకలి తీరాలంటే తాండ్ర మందంగానే ఉండాలనేది ఆవిడ. ఆ తాండ్రను ఈ ఇంట్లో అందరూ లొట్టలేసుకుంటూ తింటారు. పోయినేడు చర్చి పండక్కి పాస్టరుగారు మెచ్చుకుంటే, భర్త ఇయోతెబా లేని మీసం దువ్వుకుని "మా అమ్మ చేతి చలవండీ" అన్నాడు. అత్తగారు కాదనలేదు. ఇంటికొచ్చాక అడిగితే, "ఎవరు చేస్తే ఏంటే, నువ్వు మాదానివేగా" అని నవ్వేశాడు. దేవుడికి తెలుసులే అని ఊరుకుంది తెరెతియా. కానీ మొన్న కూతురు మేరే పక్కింటి పిల్లతో "ఇది మా నానమ్మ తాండ్ర" అని గొప్పలు పోతుంటే గుండెలో ముల్లు దిగినట్టయింది. ఒక్క దేవుడికి తెలిస్తే సరిపోతుందా?

ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరంతా మనేబాలో చేరింది. ఆ పెద్ద చావడి కప్పు కింద ఒక్కో వంశానికి ఒక్కో చోటు. ఎవరి చోట పెడితే ఆ వంట వాళ్ళది. పెళ్ళైన ఆడది కూర్చునేది మొగుడి చోటే. ఉత్తరం వైపు స్తంభం దగ్గర బ్వేబ్వే వాళ్ళ చోటు, ఆవిడ పోయినప్పట్నుంచీ ఖాళీ.

"ఇటు తేవే, పాస్టరుగారు చూస్తున్నారు" అన్నాడు ఇయోతెబా, తన ముందున్న చాప తడుతూ.

తెరెతియా తాండ్ర చుట్ట చంకన పెట్టుకుని, మేరే చెయ్యి పట్టుకుని, అతని ముందునుంచే సాగిపోయింది.

"ఎక్కడికే? నలుగురూ ఏమనుకుంటారు?" అత్తగారు గొంతు తగ్గించింది.

"నలుగురికీ తెలియాలనే, అత్తయ్యా."

స్తంభం దగ్గర దుమ్ము చేత్తో తుడిచి చాప పరిచింది. తాండ్ర దాని మీద పెట్టింది. ఊరి పెద్దల్లో ఒక ముసలాయన దగ్గి, "అదెవరి చోటో తెలుసా, అమ్మాయ్?" అన్నాడు.

"తెలుసు తాతా. ఈ తాండ్ర నాకు నేర్పిన మా అమ్మమ్మది." కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. "రేపు దీనిది."

అవతల ఇయోతెబా ఇంకా చాప తడుతూనే ఉన్నాడు. తెరెతియా తాండ్ర చుట్ట విప్పింది.

"కావలసినవాళ్ళు ఇక్కడికొచ్చి తింటారు" అంది.