ఎవరూ తీయలేని తాళం

ఎదుటి మనిషి కళ్లు ఎక్కడున్నాయో తాళాలాయన తలెత్తకుండానే చెప్పగలడు. అవి తన చేతుల మీదే ఉంటాయి. తాళంచెవికి నకలు చేయించుకోవడానికి వచ్చినవాళ్లెవరూ రోడ్డు చూడరు, పక్క కొట్టు చూడరు, ఫోను కూడా చూడరు. ఒకటి చేయమంటే రెండు చేసి, రెండోది జేబులో వేసుకుంటాడేమోనని వాళ్ల భయం. ఈరోజు పొద్దున వచ్చిన లావుపాటాయన అయితే మరీ విడ్డూరం. ఆకురాయి కింద రాలుతున్న ఇత్తడి రజను వైపు కూడా గుర్రుగా చూస్తున్నాడు. అందులోంచి ఇంకో తాళంచెవి పుట్టుకొస్తుందని కాబోలు.

అతనికిది కొత్త కాదు. బస్టాపు వెనక గోడకు ఆనించి కట్టిన రేకుల డబ్బా అతని కొట్టు. మనిషి పొట్టి. ఏళ్లతరబడి వంగి కూర్చోవడం వల్ల ఒక భుజం కిందికి దిగిపోయింది, వేళ్ల చివర్లు పచ్చబడిపోయాయి. చుట్టుపక్కల ఏ ఇంట్లో దొంగతనం జరిగినా సాయంత్రానికల్లా కానిస్టేబులు వచ్చి స్టూలు మీద కూర్చుని, "ఊరికే ఇటు వెళ్తూ ఆగానయ్యా" అంటాడు. ఊరికే ఆగినవాడికి, నిన్న రాత్రి నువ్వెక్కడున్నావన్న సంగతి దేనికో తాళాలాయన ఎప్పుడూ అడగలేదు. ఆఖరికి పెళ్లాం కూడా బీరువా తాళంచెవి ఎక్కడ దాచిందో చెప్పదు. "నా దగ్గర దాచి ఏం లాభమే, జడపిన్నుతో తీసేస్తాను కదా" అంటే, "తీస్తే తీశావులే, నా తృప్తి నాది" అంటుంది.

ఇంతమందిలో అతన్ని నమ్మింది ఒక్కావిడే, టెలిఫోన్ అమ్మగారు. తమాషా ఏమిటంటే ఆవిడ ఇంకెవర్నీ నమ్మదు. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేసి రిటైరై, రెండు వీధుల అవతల చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. తను లేనప్పుడు ఎవరో లోపలికొచ్చి పంచదార డబ్బా జరుపుతున్నారని, దిండు తిరగేసి పెడుతున్నారని మొదటిసారి తాళం మార్పించింది. తర్వాత్తర్వాత తను ఇంట్లో ఉండగానే వస్తున్నారంది. మళ్లీ మార్పించింది. ఆ తర్వాతా మార్పించింది. "ఎవరూ తీయలేని తాళం వెయ్యవయ్యా" అనేది వెళ్లిన ప్రతిసారీ.

"అలాంటిది లేదమ్మగారూ. ఏదైనా సరే నేను తీయగలను."

"నువ్వు తీయగలవని నువ్వే చెప్తున్నావు చూడు. అందుకే నువ్వు దొంగచాటుగా రావు" అని నవ్వేది. ఆ మాటకు ఎంత పొంగిపోయాడో అతను పెళ్లానికి కూడా చెప్పుకోలేదు.

లావుపాటాయన అలా వెళ్లాడో లేదో, యాభై దాటిన సన్నటి మనిషి ఒకావిడ వచ్చి నిలబడింది. భుజాన ఆఫీసు సంచీ ఉంది, కళ్లద్దాల వెనక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"టెలిఫోన్ ఆఫీసులో చేసినావిడకి తాళాలు మార్చేది నువ్వేనా?"

"నేనే. మీరు?"

"చెల్లెల్ని. ఒకే తలుపుకి అన్నిసార్లు తాళం మార్చావే, ఇదేం చోద్యం అని ఒక్కసారైనా అనిపించలేదా నీకు? వచ్చిన బేరం ఎందుకు పోగొట్టుకోవాలి అనుకున్నావా?"

"మార్చమన్నారు, మార్చాను" అన్నాడు. ఆ జవాబు అతనికే నచ్చలేదు.

చెల్లెలు స్టూలు మీద కూర్చోకుండానే మొత్తం చెప్పింది. వారం నుంచి అక్క తలుపు తీయడం లేదు. కిటికీలోంచి అందించిన అన్నం వాసన చూసి పారబోస్తోంది, కొళాయి నీళ్లు కూడా ముట్టడం లేదు. డాక్టరు వచ్చి కిటికీ దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్లాడు. ఆసుపత్రిలో పెట్టకపోతే మనిషి దక్కదన్నాడు. మంచం దొరకడమే గగనమైతే, ఇవాళ పొద్దున ఒకటి ఖాళీ అయిందని కబురొచ్చింది. సాయంత్రం ఐదింటిదాకా ఉంచుతారట.

"తనంతట తను వస్తానంటే ఇవాళే చేర్చుకుంటారు. కాదంటే పోలీసులు, తలుపు బద్దలుకొట్టడం, ఆ తతంగం అంతా అయ్యేసరికి ఎన్నాళ్లో. అప్పటిదాకా ఉంటుందా అది? నువ్వు తలుపు తీశావంటే లోపలికెళ్లి కాళ్లు పట్టుకునైనా ఒప్పిస్తాను."

"పిచ్చాసుపత్రికా?"

"ఆ మాట అనకు" అంది ఆవిడ, చెంప మీద కొట్టినట్టు వెనక్కి జరిగి.

తాళాలాయన ఆకురాయి గుడ్డతో తుడుస్తూ ఆవిడను ఎగాదిగా చూశాడు. ఇదివరకోసారి ఒక పెద్దమనిషి ఇలాగే పరిగెత్తుకొచ్చాడు, మా పిన్ని లోపల పడిపోయిందని. తలుపు తీసేసరికి ఆ పిన్ని వంటింట్లోంచి తడిచేతులతో నిక్షేపంగా నడిచొచ్చింది. ఆ నెల తిరక్కుండానే ఆవిడ ట్రంకుపెట్టె వీధిలో పడింది, ఇంటిముందు కొత్త పేరు వెలిసింది. అప్పటినుంచి "మాకు దగ్గరవాళ్లే" అన్న మాట వింటే అతనికి ఒళ్లు మండుతుంది. టెలిఫోన్ అమ్మగారిది సొంతిల్లు. మొగుడూ పిల్లలూ లేరు. ఈవిడేమో ఇన్నాళ్లూ ఎక్కడా కనబడలేదు.

చెల్లెలు ఫోనులో ఫొటో చూపించింది. అక్కాచెల్లెళ్లు భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్నారు. ఫొటోల్లో అందరూ నవ్వుతారు.

"ఇంటావిడ చెప్పందే తలుపు తీయనండి."

"చెప్పే స్థితిలో ఉంటే నీ దగ్గరికెందుకొస్తాను?"

"భోజనమయ్యాక చూద్దాం" అని నసిగాడు. ఆవిడ ఇంకేదో అనబోయి, టైము చూసుకుని, అక్క ఇంటివైపు దాదాపు పరుగెత్తింది.

అతను భోజనం చేయలేదు. రేకు తలుపు మూసి, సైకిలెక్కి నేరుగా ఆసుపత్రికి పోయాడు. అబద్ధమైతే అక్కడే తేలిపోతుంది.

కౌంటరు దగ్గర గుమాస్తా, "పేషెంటుకి నువ్వేమవుతావు?" అన్నాడు.

"తాళాలవాణ్ణి."

గుమాస్తా కలం కిందపెట్టి, అతన్నీ అతని సంచీనీ మార్చి మార్చి చూసి, పోయి బెంచీ మీద కూర్చోమన్నాడు. కూర్చున్నాడు. ఎంతకీ పిలవలేదు. అదే బెంచీ మీద ఒక తల్లీ, మీసాలొచ్చిన కొడుకూ ఉన్నారు. కొడుకు ఎవరితోనో మాట్లాడుతున్నట్టు చప్పుడు లేకుండా పెదవులు కదుపుతున్నాడు. తల్లి అతని మణికట్టును రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఒక చెయ్యి తీసి ముక్కు తుడుచుకుంది, వెంటనే మళ్లీ పట్టుకుంది.

చివరికి ఒక పెద్ద నర్సు అటుగా వెళ్తుంటే అడ్డంపడి అడిగాడు. ఆవిడ కస్సుమంది.

"ఎవరి సంగతులూ ఎవరికీ చెప్పం. మంచం ఒకటి ఖాళీగా ఉంది, అంతే. ఐదు దాటితే అదిగో, వాళ్ల అబ్బాయికి ఇచ్చేస్తాం."

"లోపలికెళ్లినవాళ్లు మళ్లీ బయటికొస్తారా అమ్మా?"

"రాకేం? నెమ్మదించగానే పంపించేస్తాం. ఊరికే ఉంచుకోవడానికి నా దగ్గర మంచాలెక్కడున్నాయయ్యా?"

చెల్లెలు చెప్పింది నిజమే. అతనికి ఊరట కలగాల్సింది పోయి సిగ్గేసింది. వెళ్లబోతూ వార్డు తలుపు ముందు ఆగిపోయాడు. కాళ్లే ఆగాయి. తాళం కనబడితే ఆగకుండా వెళ్లడం అతని వల్ల కాదు. ఇనుప చట్రం, గోడలోకి దిగే గడియ. బయటివైపు తాళంచెవి పెట్టే కన్నమే లేదు. భోజనాల బండి వస్తే లోపలినుంచి ఎవరో తీసి, వెంటనే వేశారు. ఆ కాస్త సందులోంచి తలుపు పక్కనే బల్ల వేసుకుని కూర్చున్న మనిషి కనిపించింది.

"ఆవిడ రాత్రి కూడా అక్కడే ఉంటుందా?"

"ఆవిడ కాకపోతే ఇంకొకావిడ. తెల్లారేదాకా. కునుకు తీస్తే ఉద్యోగం ఊడుతుంది" అంది పెద్ద నర్సు. అప్పుడే అనుమానం వచ్చింది ఆవిడకి. "ఇవన్నీ నీకెందుకు? నడువు."

టెలిఫోన్ అమ్మగారి ఇంటికి చేరేసరికి నాలుగు దాటింది. గేటు బయట టాక్సీ ఆగి ఉంది. చెల్లెలు మెట్టు మీద కూలబడి ఉంది. బతిమాలీ బతిమాలీ గొంతు పోయింది.

"ఎక్కడికి పోయావు?"

"ఆసుపత్రికి. మీ మాట నిజమో కాదో చూసొద్దామని."

ఆవిడకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేనట్టుంది. "నిజమేనా మరి?" అంది.

అతను వెళ్లి తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. సంచీలో పనిముట్లున్నాయి, తనే బిగించిన తాళం చిటికెలో తీయవచ్చు, లోపలి గడియలకూ ఉపాయాలున్నాయి. తీసిన మరుక్షణం లోపలున్న మనిషి కళ్లలో తను ఏమవుతాడో అతనికి తెలుసు. సంచీ దూరంగా జరిపాడు.

"అమ్మగారూ, నేను. తాళాలవాణ్ణి."

"పక్కనెవరు?" అంది ఎండిపోయిన గొంతు, తలుపుకు అంగుళం దూరంలోంచి.

"మీ చెల్లెలుగారు. గేటు దగ్గర టాక్సీ ఉంది. మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి."

చెల్లెలు గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వారం రోజులుగా ఆవిడ ఇంటిల్లిపాదీ ఆ ఒక్క మాటా రాకుండా మాట్లాడుతున్నారు. పెళ్లికి రమ్మన్నారు, బ్యాంకుకన్నారు, కళ్లద్దాలకన్నారు.

"అయితే నిన్నూ కలుపుకున్నారన్నమాట."

"కలుపుకోవడానికే వచ్చారు. నేను నమ్మలేదు. సైకిలేసుకుని పోయి తలుపు చూసొచ్చాను."

"తలుపా?"

"వార్డు తలుపు. లోపలికి దారి అదొక్కటే. ఇనుప చట్రం, గోడలోకి దిగే గడియ. బయట కన్నమే లేదు. నేను తీయలేనమ్మగారూ."

పనిలో చేరిన నాటినుంచి ఏ తాళం గురించీ అతను అనని మాట అది.

"నువ్వు తీయలేవా?"

"తీయలేను. లోపలినుంచి మీరూ తీయలేరు. అది కూడా చెప్పాలి కదా. నెమ్మదించాక వాళ్లే తీసి పంపిస్తారట."

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"నర్సుల దగ్గర."

"వాళ్లు ఎలాంటివాళ్లో నీకేం తెలుసు?"

"తెలీదు. ఒకావిడతో మాట్లాడాను. చిరాకు మనిషి. అబద్ధాలు చెప్పేంత తీరిక ఉన్నట్టు లేదు."

చెల్లెలు చేతి గడియారం వైపు చూసింది. ఎండిపోయిన గొంతు మళ్లీ అడిగింది.

"రాత్రుళ్లో?"

"తలుపు పక్కనే బల్ల వేసుకుని ఒకావిడ కూర్చుంటుంది. తెల్లారేదాకా మేలుకునే ఉంటుంది. కునుకు తీస్తే ఉద్యోగం ఊడుతుందట."

"రోజూనా?"

"రోజూ."

"అయితే నేను కూర్చోనక్కర్లేదు" అంది లోపలి గొంతు.

ఆ మాటేమిటో బయట ఇద్దరికీ బోధపడలేదు. లోపల ఏదో బరువైనది నేల మీద ఈడ్చిన చప్పుడైంది. తర్వాత పై గడియ, కింది గడియ, గొలుసు. చివర్న అతని తాళం.

వెలుతురు పడగానే టెలిఫోన్ అమ్మగారు కళ్లు మూసుకుంది. ఇదివరకటి మనిషిలో సగం మిగిలింది. జుట్టు ఒకవైపు అట్టకట్టింది, పెదవులు పగిలి ఉన్నాయి, వేసుకున్న స్వెట్టరు గుండీలన్నీ మెడదాకా పెట్టి ఉన్నాయి. చెల్లెలు "అక్కా" అని చెయ్యి చాచింది. అక్క ఆ చేతికి అందకుండా మెట్లు దిగి, "దాన్ని ముందు సీట్లో కూర్చోమను" అంది. తాళాలాయన పక్కనుంచి వెళ్తూ గోడ వైపు ఒదిగింది, తెలియని మగాడి పక్కనుంచి వెళ్తున్నట్టు. ఒక మాటైనా అంటుందేమోనని చూశాడు. అనలేదు. చాలా బాధేసింది.

చెల్లెలు ఫోనులో, "బయల్దేరాం, తనే వస్తోంది, దయచేసి ఉంచండి" అంటూ అవతలి మాట విని కళ్లు తుడుచుకుంది. ఉంచుతామన్నారు. బెంచీ మీది తల్లి గుర్తొచ్చి అతను తల దించుకున్నాడు.

"తలుపు వేసి వెళ్తారా?" అంది చెల్లెలు టాక్సీ ఎక్కుతూ. "తాళంచెవి మీ దగ్గరే ఉంచండి. రేపొస్తాను." పొద్దున కొట్టు దగ్గర నిలదీసినప్పుడు ఆవిడ నోట ఈ 'మీరు' లేదు.

టాక్సీ మలుపు తిరిగింది. వెనక అద్దంలో తెల్లజుట్టు తల ఒకటి, అప్పుడే ఒక పక్కకు వాలిపోయి కనిపించింది.

ఇంటి వెనక కిటికీ మూసుందో లేదో చూద్దామని అతను లోపలికి అడుగుపెట్టాడు. తలుపు రెక్క వెనక్కి పూర్తిగా పోలేదు, ఏదో అడ్డం తగిలింది. చూస్తే కర్ర కుర్చీ. తలుపుకు ఎదురుగా వేసుకుని కూర్చున్నదాన్ని ఇందాక ఈడ్చి పక్కకు పెట్టినట్టుంది. నేల మీద దాని కాళ్లు గీసిన గీతలు కొత్తవీ పాతవీ చాలా ఉన్నాయి. మొదటి తాళం వేయించుకున్న నాటినుంచీ ప్రతి రాత్రీ ఇంతేనా? ఎన్ని తాళాలు మార్చాడు! ఒక్కటీ ఆవిడకు నిద్ర పట్టనివ్వలేదు.

కుర్చీ వీపుకు ఒక పాత తువ్వాలు కట్టి ఉంది, కూర్చున్న మనిషి కునుకు పట్టి ముందుకు పడిపోకుండా నడుము చుట్టూ తిప్పుకోవడానికి. ఒక కొస విప్పి వేలాడుతోంది, రెండో కొస ఇంకా ముడివేసే ఉంది.