సంఘంలో నా పేరు

“హారతి పళ్లెం కడిగి పెట్టు. ఓట్లడిగేదానికి అన్న మన వీధికే వస్తాండాడంట!” అని కేకేసి, మా ఆయన ఎల్లప్ప జెండా కర్ర భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను రాట్నం ముందు నుంచి లేవనే లేదు. నూలు కండెలకు చుట్టి అందించకపోతే ఆయన మగ్గం ఆడదు. అయినా చీర ఆయన ఒక్కడే నేసినట్టు లెక్క. నేతగాళ్ల సంఘంలో పేరూ ఆయనదే. పుత్తూరులో మా వీధి ఆడవాళ్లందరిదీ ఇదే బతుకు.

కండెలు చుట్టే ఆడవాళ్లనూ పనివాళ్లుగా గుర్తించి సంఘంలో చేరుస్తామని ఎమర్జెన్సీకి ముందు ఎన్నికల్లో ఓసారి, తర్వాత ఎన్నికల్లో ఓసారి ఈ అన్నే మాటిచ్చాడు. పేదోళ్ల పార్టీ అంటే నమ్మాను. చంటిబిడ్డను చంకనేసుకుని చిత్తూరు దాకా మీటింగులకు వెళ్లాను. ఇంటికొచ్చిన కార్యకర్తలందరికీ సంగటి కెలికి పెట్టి, వాళ్లు తిన్న కంచాలు కడిగాను. రెండుసార్లూ అన్న గెలిచాడు. సంఘం మెట్లు మాత్రం నన్ను ఎక్కనివ్వలేదు. పోనీ ఎదురు నిలబడినవాడికి ఓటు వేద్దామా అంటే, సంఘంలో నూలు దొరకనప్పుడు మమ్మల్ని గడప బయట పడిగాపులు కాయించే షావుకారు ఆయన. అలిసిపోయాను. కోపం తెచ్చుకోవడానికైనా ఓపిక ఉండాలి కదా.

అన్న వచ్చి, హారతి కోసం తల వంచి నిలబడ్డాడు. పళ్లెం పట్టుకునే అడిగాను.

“అన్నా, సంగంలో మా పేర్లు ఎప్పుడు రాస్తారు?”

“ముందు గెలిపించు తల్లీ, అన్నీ సూస్తాం.”

ఎల్లప్పకు తల కొట్టేసినట్టయింది. “దీని మాటలు పట్టించుకోవాకన్నా. ఇంట్లో కూసోని నూలు సుట్టేది గూడా ఒక పనేనా?” అన్నాడు. అన్న నవ్వాడు. వెంట వచ్చినవాళ్లంతా నవ్వారు. అందరికంటే గట్టిగా మా ఆయనే నవ్వాడు. హారతి మాత్రం ఇచ్చేశాను, చేతులకు అలవాటైన పని.

ఓట్లనాడు బడిలోంచి నేను బయటికి రాగానే ఎల్లప్ప ఎదురొచ్చాడు.

“మన గుర్తు మీదే గుద్దినావు గదా వసంతా?”

“యా గుర్తు మీదా గుద్దలేదు. కాయితం ఉత్తదే మడిసి పెట్టెలో యేసినాను.”

“నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఓడిపోతే?”

“అన్న గెల్సిన రెండు తూర్లూ ఓడిపోయింది నేనే,” అన్నాను.