తడిబట్టలు

సువర్ణరాజు మామిడిచెట్టు కింద కూలబడిపోగానే మేస్త్రి సవరయ్య వచ్చి అతని డొక్కలో తన్నాడు. కల్లు తాగి పనిలోకి వచ్చాడనుకున్నాడు.

మండలాలు ఏర్పడిన మరుసటి ఏడాది అది. రెడ్డిగూడెం దాటాక ఉన్న ఆ తోటలో పూత విరగబడి వచ్చింది. పురుగు పట్టకముందే మందు కొట్టెయ్యాలని, తోటను కౌలుకు తీసుకున్న నూజివీడు వర్తకుడు బసవపున్నారావు తొందరపెడుతున్నాడు. ఎదురుగాలి వీస్తే, చెట్టు మీదికి కొట్టిన మందంతా కొట్టినవాడి మీదే పడుతుంది. సువర్ణరాజు చొక్కా, లుంగీ, తలగుడ్డ తడిసి ఒంటికి అంటుకుపోయాయి.

రెండో తన్నుకీ అతను లేవలేదు. నోటి వెంట నురగ వచ్చింది. కాళ్లూ చేతులూ కొట్టుకోసాగాయి. సవరయ్య అప్పుడు భయపడి వెనక్కి జరిగాడు.

డ్రమ్ములోకి నీళ్లు మోస్తున్న సువర్ణరాజు భార్య రిబ్కమ్మ బిందె వదిలేసి పరిగెత్తుకొచ్చింది. మొగుడి ఒళ్లు వణకడం చూసి చలి అనుకుంది. గోనెపట్టా తెచ్చి తడిబట్టల మీదే చుట్టింది. ఎవరో చింతపండు పులుసు తాగించమన్నారు. పళ్లు విడదీసి పోశారు. పోసిందంతా ముక్కులోంచి వచ్చేసింది. ఎడ్లబండి మీద నూజివీడు తీసుకెళుతుంటే, గోనెపట్టా ఊడిపోకుండా రిబ్కమ్మ అతన్ని గుండెలకు అదుముకుని కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టరుగారు కనురెప్పలు ఎత్తి చూసి, ఏ మందు కొట్టారని అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు. కంపెనీ డబ్బాలు తోటలోకి రావు. తానేం మందు కొట్టిస్తున్నాడో పక్కతోట వాళ్లకు తెలియకూడదని బసవపున్నారావు వాటిలోని మందును తన షెడ్డులోనే కిరసనాయిలు డబ్బాల్లోకి ఒంపించేవాడు. నీళ్లలో పోస్తే పాలలాగా తెల్లబడుతుందని మాత్రమే రిబ్కమ్మ చెప్పగలిగింది. డాక్టరుగారు ఇంజక్షన్ మీద ఇంజక్షన్ ఇచ్చారు. బతికించలేకపోయారు. నలుగురు మనుషులు అదిమి పట్టుకున్నా మంచం అదిరిపోయేలా కొట్టుకుని, నాలుక కొరుక్కుని సువర్ణరాజు చచ్చిపోయాడు.

పెళ్లాంతో గొడవపడి తానే పురుగుమందు తాగాడని బసవపున్నారావు ప్రచారం చేయించాడు. సవరయ్య దానికి సాక్ష్యం చెప్పాడు. రిబ్కమ్మ నూజివీడు బజారులో అతని కొట్టు ముందు నిలబడి అది అబద్ధమని అరిచింది. కొట్లోని మనుషులు ఆమెను జుట్టు పట్టి ఈడ్చి రోడ్డు మీద పడేశారు. కాలు మడతపడి మోకాలు దెబ్బతింది. బజారంతా చూసింది. ఎవరూ దగ్గరికి రాలేదు. అప్పట్నుంచి ఆమె కుంటుతూనే నడిచేది.

మళ్లీ పూత వచ్చేసరికి ఆమె అదే తోటలో నీళ్లు మోస్తోంది. ఇద్దరు పిల్లలున్నారు. ఆ చుట్టుపక్కల తోటలన్నీ ఆ వర్తకుడి చేతిలోనే ఉన్నాయి. మరో చోట పని పుట్టలేదు.

మెడికల్ కాలేజీలో పరిశోధన చేస్తున్న డాక్టర్ రాధ తోటకు వచ్చింది ఆ రోజుల్లోనే. అంతకు రెండేళ్ల ముందు కూడా ఆమె వచ్చింది. మందు కొట్టాక చేతులు దేనితో కడుక్కుంటారు, తల తిరిగితే ఏం చేస్తారు అని అందరినీ కూర్చోబెట్టి అడిగింది. సువర్ణరాజు నవ్వుతూ జవాబులు చెప్పాడు. ఇప్పుడు ఆమె రిబ్కమ్మ పక్కన గట్టు మీద కూర్చుని, జబ్బుల సంగతి ఎవరిని అడిగి తెలుసుకుంటారు, రేడియో వింటారా, బొమ్మలు చూపిస్తే అర్థమవుతుందా అని మొదలుపెట్టింది.

"అప్పుడూ అడిగారుగా అండి. మళ్లీ ఏంటి?" అంది రిబ్కమ్మ.

"అప్పుడు మీకేం తెలీదో తెలుసుకున్నామమ్మా. ఎలా చెబితే మీకు తెలుస్తుందో ఇప్పుడు తెలుసుకుంటున్నాం. పరిశోధన అలా మెట్టు మెట్టుగా సాగుతుంది."

"అప్పుడు తెలుసుకున్నది ఏం చేశారండి?"

హైదరాబాదులో పెద్ద డాక్టర్ల సభలో చదివానని, ఇంగ్లీషు పత్రికలో అచ్చయిందని రాధ చెప్పింది. చెబుతుంటే ఆమె గొంతు తగ్గిపోయింది. పోయినసారి నవ్వుతూ మాట్లాడినాయన ఏడని అడిగింది. రిబ్కమ్మ జరిగిందంతా చెప్పింది.

 రాధ నేల చూస్తూ అంది. "ఆ మందు చర్మంలోంచి కూడా లోపలికెక్కుతుందమ్మా. తడిసిన బట్టలు వెంటనే విప్పేసి సబ్బుతో ఒళ్లంతా కడగాలి. డబ్బాతో పాటు వచ్చే కాగితంలో తెలుగులోనే రాసుంటుంది."

రిబ్కమ్మ తన రెండు చేతులూ చూసుకుంది.

"నేనే చుట్టానండి," అంది. "నూజివీడు దాకా నేనే బిగించి పట్టుకున్నాను."

ఆమె ఏడవలేదు. లేచి కుంటుకుంటూ, మందు కొడుతున్న మగవాళ్ల దగ్గరికి వెళ్లింది. పంపు ఆపమంది. విన్న సంగతి చెప్పింది. సవరయ్య వచ్చి ఆమె భుజం పట్టి లాగాడు. ఆమె కదల్లేదు. చేతిలోని వెదురుకర్రతో వీపు మీద కొట్టాడు, మళ్లీ ముఖం మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది. రాధ అరుస్తూ పరిగెత్తుకొచ్చి కర్ర పట్టుకోబోయింది. అతను ఆమెను పక్కకు నెట్టేశాడు. కర్ర మూడోసారి లేచేసరికి, పంపు తొక్కుతున్న మనిషి కిందికి దిగి దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. మిగతావాళ్లు గొట్టాలు నేలకేసి కొట్టారు. పెనుగులాటలో సవరయ్య బోర్లా పడ్డాడు. వాళ్లు అతని చేతులు విరిచి పట్టుకున్నారు.

బసవపున్నారావు జీపు తోటలోకి వచ్చింది. వెనక నలుగురు మనుషులున్నారు. అతను దిగి, ఆగిపోయిన పంపునీ, కింద పడున్న మేస్త్రినీ చూశాడు.

"ఎవర్రా ఆపింది?"

"నేనేనండి," అంది రిబ్కమ్మ, రక్తం తుడుచుకోకుండానే. "కంపెనీ డబ్బా కాగితంతో సహా ఇక్కడికి తెప్పించండి. అందులో ఏం రాసుందో ఈ డాక్టరమ్మ అందరికీ చదివి వినిపించాలి. అప్పటిదాకా ఎవరూ పంపు ముట్టుకోరు."

జీపులోని మనుషులు ఒక్కొక్కరే కిందికి దిగారు. రాధ వచ్చి రిబ్కమ్మ పక్కన నిలబడింది.