సూర్యావతి గారి పేజీలు

అమలాపురం బస్టాండు ఎదుట మందుల షాపు పైన ఒక గది తీసుకుని, బిందు, క్రాంతికుమార్ వ్యాపారస్తులకు వెబ్‌సైట్లు తయారుచేసేవారు. ఇద్దరూ కాకినాడలో ఎంసీఏ చదువుకున్నారు. 2007 వేసవిలో కొత్తపేట నుంచి మాణిక్యాలరావు గారు వాళ్ళ దగ్గరికి వచ్చారు. కొబ్బరిపీచుతో డోర్‌మ్యాట్లు నేయించే షెడ్డు ఉందాయనకు. వెంట భార్య సూర్యావతి గారు కూడా ఉన్నారు.

"ఆయనకివేం తెలీవండీ. సైట్లో రాసేది నేనే," అన్నారావిడ. "పదో తరగతి చదివేను. నేర్పితే నేర్చుకుంటానండి."

అంటే ఆవిడే సొంతంగా పేజీలు మార్చుకునే సాఫ్ట్‌వేరు కావాలి. ఉచితంగా దొరికేవాటిలో బిందు రెండింటిని ఎంచి చూపించింది. ఒకటి జూమ్లా. ప్రపంచమంతా వేలమంది దాని మీద పనిచేస్తున్నారు. కానీ అన్ని మెనూల మధ్య సూర్యావతి గారు దారి తప్పిపోయారు. రెండోది ఎక్కడో ఇద్దరు మిత్రులు కలిసి తయారుచేసిన చిన్న సాఫ్ట్‌వేరు. మూడే మూడు బటన్లు. ఆవిడ పావుగంటలో పేజీ రాసేసి, పిల్లలా నవ్వేశారు.

భార్యాభర్తలు వెళ్ళాక క్రాంతికుమార్ అన్నాడు, "ఆ చిన్నదాన్ని చూసుకునేది ఆ మిత్రులిద్దరే బిందూ. రేపు వాళ్ళు వదిలేస్తే?"

"వాడేది ఆవిడ. నువ్వూ నేనూ కాదు," అని బిందు ఆ చిన్నదే పెట్టేసింది.

సూర్యావతి గారు తెగ రాశారు. పీచు ఎన్నాళ్ళు నానాలి, ఏ రంగు వెలవదు, షెడ్డులో ఎవరి చెయ్యి ఎలాంటిది, అన్నీ తెలుగులో. "ఫోటో తలకిందులుగా పడిందండీ, ఏం చెయ్యమంటారు?" అని ఫోన్ చేసేవారు. రెండేళ్ళలో నలభై పేజీలు దాటాయి.

2009 వానల్లో ఆవిడ కామెర్లతో చనిపోయారు.

బిందు పరామర్శకు వెళ్ళొచ్చిన వారానికే ఆ సాఫ్ట్‌వేరు తయారుచేసిన మిత్రులిద్దరూ ఇంటర్నెట్‌లో నోటీసు పెట్టారు. ఇకమీదట ఆ సాఫ్ట్‌వేరును తాము చూసుకోబోమని, అందరూ వేరేదానికి మారిపొమ్మని. బిందు చదివింది. దుఃఖంలో ఉన్న మనిషిని ఇప్పుడేం కదిలిస్తాంలే అనుకుంది. నెల అయింది, మూడు నెలలయ్యాయి. నాలుగో నెలలో, చూసేవాళ్ళు లేని ఆ సాఫ్ట్‌వేరులో లోపం పట్టుకుని ఎవరో సైట్‌లోకి చొరబడి, ఉన్నదంతా చెరిపేసి, పిచ్చి బొమ్మలు పెట్టారు. సైటును అద్దెకు ఉంచిన కంపెనీవాళ్ళు కాపీ తమ దగ్గర లేదన్నారు. బిందు దగ్గరున్నది మొదటిరోజు అప్పగించిన ఖాళీ సైటు కాపీ ఒక్కటే.

ఫోన్లో చెప్పలేక కొత్తపేట వెళ్ళింది. మాణిక్యాలరావు గారు షెడ్డు ముందు కుర్చీ వేశారు.

"పోనీలెండి, మళ్ళీ పెట్టుకుందాం," అన్నారు అంతా విని. "ఆవిడ రాసినవి ఉంటాయి కదండీ?"

"లేవండీ."

"ఒక్కటీనా?"

బిందు తల అడ్డంగా ఊపింది.

ఆయన మగ్గాల వైపు తిరిగారు. "ఆవిడున్నప్పుడు ఒక్కటీ చదవలేదండీ. పోయేక మొదలెట్టేను. అయిపోతాయేమోనని, రోజుకొకటే. కొన్నాళ్ళు చూడబుద్ధి కాక మానేసేను కూడాను. పంతొమ్మిది అయ్యేయి."

"తప్పు నాదేనండీ. ముందే మార్చాల్సింది."

"మీరేం చేస్తారండీ," అన్నారు. ఆ మాటలో కోపం లేదు.

బిందు వారం రోజులు ఇంటర్నెట్ అంతా గాలించింది. ఎక్కడో మిగిలిన ఒక్క పేజీ దొరికింది. అది చిరునామా పేజీ, క్రాంతికుమార్ టైపు చేసింది. మిగతా ఖాతాదారుల సైట్లన్నీ పెద్ద సాఫ్ట్‌వేరులోకి మార్చి, నెలనెలా సీడీల్లో కాపీలు తీయడం మొదలుపెట్టింది. మాణిక్యాలరావు గారు మాత్రం మళ్ళీ సైటు వద్దన్నారు.

మరుసటేడు రావులపాలెం బస్సులో ఆయన కనిపించారు. జరిగి చోటిచ్చారు. "బావున్నారాండీ?" అని అడిగారు. కొత్తపేట వచ్చేదాకా ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.