రెండో గుంట

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు పాలెం మీదికి కొట్టుకొచ్చి, శవం దగ్గర ఏడ్చేవాళ్లూ ఏడవనివాళ్లూ అందరూ దగ్గుతున్నారు. పడమట మబ్బు లేచింది. ఎండాకాలం మొదట్లో లేవకూడని మబ్బు.

ఆరాధన తల్లి సువార్తమ్మ తెల్లారకముందే పోయింది. బతికినన్నాళ్లూ ఆమె ఆదివారం పొద్దున మిషను గుడికీ, సాయంత్రం కాలవగట్టు మందిరానికీ వెళ్లేది. గుడిలో సంఘపెద్ద ఆమె బావగారు మార్కు. మందిరంలో పాస్టరు ఆమె తమ్ముడు ఎలీషా. పసితనంలో గుడిలో నెత్తిన నీళ్లు చల్లించుకున్న మనిషే, యాభై దాటాక కాలవలో మునిగి తమ్ముడి చేత మళ్లీ బాప్తిస్మం పుచ్చుకుంది. ఎవరేమన్నా, "ఇద్దరూ నావాళ్లేగా" అని నవ్వేది.

పాలెంలో గుంట కూలికి తవ్వించరు. ఎవరి సంఘం వాళ్లు తమ మనిషికి తవ్వుకుంటారు. ఆ ఆనవాయితీయే ఈ పూట కొంప ముంచింది. గుడివాళ్లు ఆరాధన నాన్న సమాధి పక్కన తవ్వారు. మందిరంవాళ్లు సమాధుల స్థలాన్ని రెండుగా చీల్చే ముళ్లకంచెకు అవతల, తమ భాగంలో తవ్వారు. రెండు పారల చప్పుడూ రెండు వైపులా వినబడుతూనే ఉంది. ఎవరూ వెళ్లి అడగలేదు. పెట్టె వచ్చేసరికి నల్లరేగట్లో రెండు గుంటలు నోరు తెరుచుకుని ఉన్నాయి.

మోసేవాళ్లు పెట్టెను కంచె దగ్గర దించారు.

"నాలుగు చుక్కలు చల్లితే పరలోకం వచ్చిద్దా బావా? అక్క మునిగి సాక్ష్యమిచ్చింది. మాతోనే ఉంటది" అన్నాడు ఎలీషా.

"మునిగితే వచ్చేదైతే కాలవలో గేదెలు మనకంటే ముందే పోయుండేయి లేరా" అన్నాడు మార్కు.

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ముసలి జయకుమారి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తవ్విన గుంట ఊరికే ఉండదే తల్లీ. మనిషిని అడుగుద్ది" అని గొణిగింది.

అలాంటివి నమ్మొద్దని మార్కు గుడిలో చెప్పేవాడు, ఎలీషా మందిరంలో చెప్పేవాడు. ఆ ఒక్క సంగతిలోనే ఇద్దరి ప్రసంగమూ ఒకటి. ఇప్పుడు మాత్రం ఇద్దరూ గుంటల వైపు చూడటం మానేశారు.

ఉరుము వినబడింది. వాన పడితే అంచులు కూలిపోతాయి, అమ్మను బురదలో దించాలి. ఆరాధన భయం అదొక్కటే కాదు. ఈ పూట ఎవరు అలిగి వెళ్లినా మళ్లీ తన గడప తొక్కరు. తనకు మిగిలింది ఆ ఇద్దరే.

ఆమె లేచి నిలబడింది.

"అమ్మ ఒకదాంట్లోనే పడుకుంటది. రెండోది ఎవరికి తవ్వారు?" నెమ్మదిగానే అడిగింది. "పెదనాన్నా, మీకా? మావయ్యా, నీకా?"

కంచె అవతల మట్టిపెళ్ల ఒకటి విరిగి గుంటలోకి జారింది. లోపల దబ్బుమన్న చప్పుడు అందరికీ వినబడింది.

ఎలీషా ముఖం పాలిపోయింది. "అక్క వాళ్లాయన పక్కనే ఉండనీ" అని, పార తీసుకుని తన గుంట పూడ్చడానికి వెళ్లాడు. మార్కు చెప్పులు విడిచి, ఎన్నడూ దాటని కంచె దాటాడు.

"నీకు ఆయాసం బావా, కూర్చో."

"నోర్ముయ్యరా. ఆ పార ఇటియ్యి."

గుంట పూడాక మార్కు రొప్పుతూ అన్నాడు, "పద. ప్రార్థన నువ్వు చెయ్యి."

"మిషను స్థలంలోనా?"

"నేను కళ్లు మూసుకుంటాలే."

పెట్టె దించి, మట్టి కప్పి, ఆమేన్ అనేసరికి వాన దిగింది.

మర్నాడు పొద్దున్నే ఆరాధన తల్లి సమాధి దగ్గరకు వెళ్లింది. కంచె అవతల పూడ్చిన మట్టి కుంగి, మనిషి పొడవున పల్లం పడింది. దానికి తలవైపు మార్కు, కాళ్లవైపు ఎలీషా, తట్టలతో మట్టి తెచ్చి పోస్తున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడటం లేదు. ఒకరిని వదిలి ఒకరు వెళ్లడమూ లేదు.

పోసింది పోసినట్టే లోపలికి దిగుతోంది. పడమట మళ్లీ మబ్బు లేచింది. ఆరాధన కూడా ఒక తట్ట అందుకుంది.